ఇరవై ఏళ్ల టేకు బలహీనమా?

ఇల్లు కట్టేవాళ్లు ద్వారబంధాల కోసం కలప అడితీకి వెళ్తే, అడవి టేకు నిలుస్తుంది, తోట టేకు నిలవదు అన్న తీర్పు తప్పకుండా చెవిన పడుతుంది. 2014లో మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపేశాక బర్మా టేకు అరుదైంది. ఘనా, ఈక్వడార్, కోస్టారికా లాంటి దేశాల తోటల్లో ఇరవై, పాతికేళ్లకే కొట్టిన దుంగలూ, మన రైతులు పొలం గట్ల మీద పెంచిన టేకూ ఇప్పుడు అడితీల్లో కనిపిస్తున్నాయి. అందుకే ఈ తీర్పు ఎంతవరకు నిజమో చూడాలి. నిజానికి ఇందులో బలం, వంకర పోకుండా నిలవడం, చెదలకీ బూజుకీ తట్టుకోవడం అనే మూడు వేర్వేరు గుణాల్ని ఒకే గాటన కట్టేశారు. పైగా తోటలో పెరిగినదీ, లేతదీ ఒకటే అనుకున్నారు. మలబారు కలెక్టరు కానలీ చొరవతో చాత్తు మేనోన్ 1840లలో నీలంబూరులో నాటించినదీ తోటే. అక్కడి తోటల్లో యాభై, అరవై ఏళ్లు పెంచి కొట్టిన దుంగల్ని నాసిరకమని ఏ వ్యాపారీ అనడు.

ముందు బలం సంగతి. త్వరగా పెరిగిన చెట్టు గుల్లగా ఉంటుందన్న నమ్మకం దేవదారు, పైన్ జాతుల విషయంలో చాలావరకు సరైనదే. టేకు కట్టుబడి వేరు. ఏటా చిగురు వేసే కాలంలో అది పెద్ద పెద్ద నాళాలతో ఒక సన్నని వలయం కడుతుంది, ఆ తర్వాత ఎదుగుదల ఆగేదాకా మందపాటి గోడలున్న నారకణాలు చేరుస్తుంది. నీళ్లు, ఎరువు బాగా అందిన ఏడు నాళాల వలయం పెద్దగా వెడల్పవదు, దాని వెనకున్న గట్టి భాగమే పెరుగుతుంది. కాబట్టి వెడల్పాటి వలయాలు కనిపించినంత మాత్రాన టేకు తేలికైందని అనుకోకూడదు. త్రిశ్శూరు దగ్గర పీచీలో ఉన్న కేరళ అటవీ పరిశోధన సంస్థలో కె.ఎం. భట్ బృందం తోట టేకును పరిశీలించి 2001లో ప్రచురించిన ఫలితాల్లో, లేత కలప ముదురు కలపగా మారే వయసు గుణాన్ని బట్టీ తోటను బట్టీ సుమారు 15 నుంచి 25 ఏళ్ల మధ్య ఉందని తేలింది. లేత భాగపు బలం ముదురుదాని కంటే కొంత తక్కువగానో, దాదాపు సమానంగానో ఉంది. ఆ కొంత తక్కువ ఇంటికి ఎంత లెక్క? లోపాల్లేని ఎండిన టేకు నమూనా చదరపు మిల్లీమీటరుకి దాదాపు 58 న్యూటన్ల అణచివేతను ఓర్చుకుంటుంది. 100 మిల్లీమీటర్లు, 60 మిల్లీమీటర్ల కొలతలున్న పొట్టి ముక్క నలగాలంటే 35 టన్నులు మోపాలన్నమాట. అయిదో వంతు తీసేసినా 28 టన్నులు మిగులుతుంది. పొడవాటి కర్రకీ, ముడులున్న కర్రకీ ఇది బాగా తగ్గుతుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ గోడ బరువును లింటెలు మోసే నేటి ఇంట్లో ద్వారబంధం మోసేది తన తలుపునే. దూలాలు, వాసాలు పైకప్పును మోసిన కాలపు కొలమానంతో దాన్ని తూచడం దండగ.

అసలు చర్చ జరగాల్సింది నిలకడ దగ్గర. చెక్క గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి దవ్వ నుంచి బెరడు దిశగా 2.5 శాతం, వలయాల వెంబడి 5.8 శాతం కుదించుకుపోతుంది. గట్టి కలపల్లో ఇది చాలా తక్కువ. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ మన దేశపు కలపల్ని పోల్చేటప్పుడు టేకును 100గా పెట్టుకోవడానికి ఇలాంటి గుణాలే కారణం. అయితే పచ్చి టేకు 12 శాతం తేమకు దిగేలోపు 150 మిల్లీమీటర్ల పలక వెడల్పులో అయిదు మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. ఆరిన కర్ర తేమ వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య అయిదారు శాతం మారిందనుకున్నా, అదే పలకలో తేడా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. బిగుసుకుపోయిన తలుపుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో దోషి వయసు కాదు, ఆరబెట్టకుండా చేసిన పని.

ఇక్కడే లేత టేకు మీద న్యాయమైన ఆరోపణ కూడా ఒకటుంది. కణం గోడలో సెల్యులోజ్ పోగులు ముదురు కలపలో దాదాపు నిలువుగా ఉంటాయి, దవ్వ దగ్గరి లేత కలపలో వాలుగా చుట్టుకుని ఉంటాయి. గోడ ముడుచుకునేది పోగులకి అడ్డంగా కనుక, పోగు వాలేకొద్దీ ఆ ముడుత కొంత పొడవు మీద కూడా పడుతుంది. పలక ఒక అంచు దవ్వ వైపు, మరో అంచు బయటి వైపు ఉంటే ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా పొట్టివై పలక విల్లులా వంగుతుంది. దీనికి తోడు దుంగ సన్నమైతే పలకలో వలయాల వంపు ఎక్కువ, ఆరేటప్పుడు దోసిలిలా గుంట పడేదీ ఎక్కువే. నిలబడి ఉన్నప్పుడే చెట్టులో దాగిన బిగింపు సన్న దుంగను కోయగానే విడుదలై, ఆరకముందే పలక వంకరపోతుంది. వీటిలో చివరి రెండూ దుంగ లావుకి సంబంధించినవి. కొమ్మలు సకాలంలో కొట్టని తోటలో ముడులు కూడా ఇలాగే, కలప స్వభావం కాదు, పెంచినవాడి అశ్రద్ధ. దవ్వను వదిలేసి కోయడం, వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోయడం, నీడలో బద్దలు వేసి ఆరబెట్టడం వల్ల ఇవన్నీ తగ్గుతాయి, పూర్తిగా పోవు. అలా కోస్తే దుంగలో వృథా పెరుగుతుంది కనుక సామిల్లు ఊరికే చేయదు.

నూరేళ్ల ఇళ్లలో టేకు చెక్కుచెదరలేదు కదా అనే వాదన వింటాం. చెడినవి ఎప్పుడో తీసేశారు, మిగిలినవే కనిపిస్తున్నాయి. అయినా ఆ వాదనలో ఒక సత్యం ఉంది: అది చేవ. టేకు చేవలో టెక్టోక్వినోన్ వంటి క్వినోన్లు, రబ్బరును పోలిన పదార్థం ఉండి, చెదలనూ నీటినీ దగ్గరికి రానివ్వవు. బయటి తెల్లచెక్కకు ఆ కాపలా లేదు. చేవ కొన్నేళ్లకే మొదలైనా, వాటా లావుతో పెరుగుతుంది. తెల్లచెక్క మందం మూడు సెంటీమీటర్లు అనుకుందాం. 24 సెంటీమీటర్ల దుంగలో చేవ 56 శాతమే, 60 సెంటీమీటర్ల దుంగలో అది 81 శాతం. లేత చేవలో రక్షక పదార్థాలూ తక్కువ ఉండొచ్చు, తడి నేలల్లో పెరిగిన పెరటి టేకులో కొన్ని బూజులకి తట్టుకునే శక్తి తక్కువని కేరళ పరిశోధనలే చెప్పాయి. 1990లలో టేకు మొక్కల మీద పెట్టుబడులు పెట్టించిన పథకాలు ఈ లెక్క చెప్పలేదు. చెట్టు ఎత్తు చూపించి లాభం చెప్పాయి, చేవ ఊసే ఎత్తలేదు.

అందుకే రైతు ఇరవయ్యో ఏట కొట్టాలా, ముప్పయ్యో ఏట కొట్టాలా అన్నప్పుడు, ఆ పదేళ్లలో బలం కంటే ఎక్కువగా పెరిగేది చేవే. తెల్లచెక్కను బోరాన్ మందుతో శుద్ధి చేసి ఇంటి లోపలి సామానుకి వాడితే ఇరవై ఏళ్ల దుంగ చాలు. వాన తగిలే గుమ్మానికైతే చేవ ఉన్న ముక్కే కావాలి, అది ఏ వయసు చెట్టుదైనా సరే.