నాగుపాములు – జాతి వైవిధ్యం, రైతు ప్రాణరక్షణ

వరి కోతల కాలంలో కొడవలి పట్టిన చేయి దుబ్బుల మధ్యకు, గట్టు మీది గడ్డిలోకి చొచ్చుకొనిపోతుంది. ఎలుకను వెతుక్కుంటూ వచ్చిన నాగుపాము కూడా అక్కడే ఉంటుంది. కార్తీక శుద్ధ చవితి నాడు పుట్టకు పూజ చేసిన రైతే, అదే పాము పొలంలో కనబడితే కర్ర అందుకుంటాడు. భక్తితో గాని, భయంతో గాని ప్రాణరక్షణ జరుగదు. నాగుపామును గురించిన సరైన అవగాహన అందుకు అవసరం.

ప్రపంచంలో నాగుపాములు

నాగుపాములు ఎలాపిడే కుటుంబానికి చెందినవి. ఇందలి ‘నాజా’ ప్రజాతిలో ముప్పైకి పైగా జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇవి ఆఫ్రికా, ఆసియా ఖండాలలో మాత్రమే ఉన్నాయి. బెదిరినప్పుడు మెడలోని పొడవైన పక్కటెముకలను విప్పి పడగ పట్టడం వీటి ప్రధాన లక్షణం.

మన పొలాలలో కనిపించేది ‘నాజా నాజా’. పడగ వెనుక కళ్లజోడు వంటి గుర్తు దీని ఆనవాలు. అయితే కొన్నింటిలో ఈ గుర్తు మసకగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలలో పడగపై ఒకే వలయం గల ‘నాజా కౌథియా’ ఉంది. వాయవ్య హిమాలయ పాదప్రాంతాలలో ‘నాజా ఆక్సియానా’, అండమాన్ దీవులలో ‘నాజా సాజిటిఫెరా’ నివసిస్తున్నాయి.

ఈజిప్టు నాగు ప్రతిమను ప్రాచీన ఫారోలు కిరీటంపై ధరించేవారు. మధ్య ఆఫ్రికాలోని నీటినాగు చేపలను తిని జీవిస్తుంది. ఆఫ్రికాలోని నల్లమెడ నాగు, ఫిలిప్పీన్స్ నాగు వంటివి శత్రువు కళ్లలోకి విషం చిమ్ముతాయి. ఇలా విషం చిమ్మే స్వభావం ఆఫ్రికా నాగులలోనూ, ఆసియా నాగులలోనూ, దక్షిణాఫ్రికాలోని రింఖాల్స్‌లోనూ వేర్వేరుగా మూడుసార్లు పరిణమించినట్లు 2021లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

ఉత్తరాంధ్రలో గిరినాగు అని పిలిచే రాచనాగు ‘నాజా’ ప్రజాతిలోనిది కాదు. దాని ప్రజాతి ‘ఓఫియోఫేగస్’. అయిదు మీటర్లకు మించి పెరిగే ఈ పాము ముఖ్యంగా ఇతర పాములనే తింటుంది. ఆడ రాచనాగు ఎండుటాకులను పోగుచేసి గూడు కట్టి గుడ్లను కాపాడుతుంది. ఒకే జాతిగా భావించిన రాచనాగును 2024లో నాలుగు జాతులుగా విభజించారు. వాటిలో పశ్చిమ కనుమలలోని జాతికి ‘కాళింగ’ అనే కన్నడ పేరే పెట్టారు.

జాతి భేదం – వైద్యం

నాగుపాము విషం నరాల నుండి కండరాలకు అందే సంకేతాన్ని అడ్డగిస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరకు శ్వాస కండరాలు పనిచేయవు. కాటు వేసిన చోట వాపు, కణజాల నష్టం కలుగుతాయి.

మన దేశంలో వాడే విష విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజరల విషాలకు వ్యతిరేకంగా తయారవుతుంది. ఇందుకు కావలసిన విషాన్ని ప్రధానంగా తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల తెగవారి సహకార సంఘం సేకరిస్తున్నది. ఒక జాతి విషంతో తయారైన మందు మరొక జాతిపై అంతే సమర్థంగా పనిచేయదు. అందువల్ల ప్రాంతానికి తగిన మందు తయారీకి జాతుల పరిశీలన ఎంతో అవసరం.

2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58 వేల మంది, మరణించినట్లు అంచనా. వీరిలో అధికులు గ్రామీణులు. మరణాలలో దాదాపు సగం జూన్ – సెప్టెంబరు నెలల మధ్యనే సంభవిస్తున్నాయి. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

పొలంలో పాటించవలసినవి

• గట్లను సన్నగా చెక్కి, గడ్డి లేకుండా ఉంచాలి. ఎలుకల బొరియలు తగ్గితే పాముల రాక కూడా తగ్గుతుంది.

• ఎలుకల నివారణను గ్రామమంతా ఒకేసారి చేపట్టాలి. బ్రోమాడయొలోన్ ఎరలు తిని చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టాలి. వాటిని తినే పక్షులకు, జంతువులకు ఆ విషం చేరుతుంది.

• రాత్రి మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు టార్చి లైటు, పొడవాటి బూట్లు తప్పనిసరి.

• గడ్డివాము, కట్టెల మోపు, పిడకల కుప్పలలో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించాలి. నేలపై పడుకోక, మంచంపై దోమతెర కట్టుకొని నిద్రించాలి.

కాటుకు గురైనప్పుడు

గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, బిగుతుగా తాడు కట్టడం హానికరం. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసివేసి, కాటుపడిన అవయవాన్ని కదలకుండా బద్దకట్టు కట్టాలి. రోగిని నడిపించక 108 వాహనంలో విష విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టడానికి గాని, చంపడానికి గాని కాలం వృథా చేయరాదు. వైద్యులు లక్షణాలను బట్టి చికిత్స చేయగలరు. పసివారికీ పెద్దలకూ ఇచ్చే విరుగుడు మోతాదు ఒక్కటే. ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి వయస్సును బట్టి మారదు.

మంత్రగాని ఇంటి దగ్గర గడిచిన గంట ఆసుపత్రిలో తిరిగి రాదు. ఎలుకలను అదుపు చేసే నాగుపాము పంటకు మేలు చేస్తుంది; వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 దానికి రక్షణ కల్పించింది. పొలంలో పాము కనిపించినప్పుడు దూరం జరిగి దానికి దారి వదలడమే రైతుకూ, పాముకూ క్షేమం.