రాతిని కరిగించే నీరు

కర్ణాటకలోని పావగడలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తాగే నీళ్ల సంగతి వస్తే మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే మాట: ఫ్లోరైడ్.

బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. దానిమీద నిమ్మకాయ పిండితే సన్నటి బుడగలు లేచి పొర కరిగిపోతుంది. మన పాత వైద్యుల 'శంఖద్రావకం'లోని కిటుకు ఇదే. పటిక, సురేకారం, నవాసాగరం లాంటివాటిని బట్టీపెట్టి తీసిన ఆ ఘాటు ద్రవంలో శంఖం కరిగేది. శంఖమైనా, గిన్నెలో పొరైనా ప్రధానంగా కాల్షియం కార్బొనేటే.

ద్రావకమంటే పారేలా చేసేది. 'ద్రు' ధాతువుకు పరుగెత్తడం, పారడం అని అర్థం. ద్రవం, ద్రావణం దాని సంతానమే. గాఢామ్లాలను కూడా మన పెద్దలు ద్రావకాలనే అనేవారు. యూరప్ రసవాదులు లాటిన్‌లో ద్రావకాన్ని 'మెన్‌స్ట్రువమ్' అన్నారు. 'నెల' నుంచి పుట్టిన మాట అది, నెలసరికీ అదే పేరు. గర్భంలో బీజం నెలసరి రక్తంతో ఎదిగినట్టే, ఆ ద్రవంలో నాసిరకం లోహం బంగారమవుతుందని వాళ్ల ఊహ. 16వ శతాబ్దిలో పారాసెల్సస్ 'ఆల్కహెస్ట్' అనే పేరు తెచ్చాడు. తర్వాతివాళ్లు దాన్ని దేన్నైనా కరిగించే ద్రావకమనుకుని వెతికారు. నాకు మన మాటే నచ్చుతుంది. అందులో ఊహ లేదు, జరిగే పని ఉంది.

ఆ పని పావగడ నేల కింద రాత్రింబవళ్లు సాగుతోంది. గ్రానైట్‌లోని బయొటైట్, అపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్‌ను కట్టి ఉంచుతుంది. గిన్నెలో చూసిన తెల్లపొర భూమి లోపలా కట్టి కాల్షియం తగ్గిపోతే, ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. దాటినా నాలుకకు తెలియదు. కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

తెలుగువారికి ఈ బాధ కొత్తది కాదు. ఫ్లోరైడ్ మించి పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, నేటి ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లో మళ్లీ పటికే పనిముట్టు. సున్నంతో కలిపి నీళ్లలో వేస్తే తెట్టె కట్టి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతుంది. శంఖాన్ని కరిగించే మందులో పడే సరుకే ఇక్కడ కరిగినదాన్ని వెనక్కి లాగుతుంది.

ఇప్పుడు పావగడ వాళ్లు ఫిల్టర్ నీళ్ల క్యాన్లు మోస్తున్నారు, తుంగభద్ర వెనుక జలాల మీద ఆశ పెట్టుకున్నారు. నది నీటికి రాతితో అంత సహవాసం ఉండదు కాబట్టి ఆ ఆశ సబబే. అయితే వంగిపోయిన నడుమును తిరిగి నిటారు చేసే మందు లేదు. శాశ్వత దంతాల పింగాణీ చాలావరకు ఎనిమిదేళ్లలోపే తయారవుతుంది. అందుకే పరీక్షించిన నీరు ముందుగా అంగన్‌వాడీలకు, ప్రాథమిక బడులకు చేరాలి.