మెడలో స్ఫటికమాల.. మనసుకి చల్లదనం నిజమేనా?

రాత్రి పన్నెండు దాటింది. రేపు పరీక్షో, ఇంటర్వ్యూనో ఉంది. నిద్ర పట్టడం లేదు. ఫోన్ తీసి రీల్స్ చూస్తుంటే ఎవరో తెల్లటి పూసల మాల చూపించి ‘ఇది వేసుకుంటే టెన్షన్ పోతుంది, నిద్ర పడుతుంది, నెగెటివ్ ఎనర్జీ మీ దరిదాపులకు రాదు’ అని చెబుతున్నారు. కింద ధర, పక్కనే కొనే బటన్. వేలు బటన్ మీదికి వెళ్తోందా? ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. కొనాలో వద్దో ఆ తర్వాత మీరే తేల్చుకోండి.

ఆన్‌లైన్లో ‘క్లియర్ క్వార్ట్జ్’, ‘మాస్టర్ హీలర్’ అని అమ్ముతున్నది మనకి కొత్త రాయేం కాదు. మన స్ఫటికమే. అమ్మమ్మల పూజగదిలో జపమాలగా ఉన్నది అదే. పొలం గట్టున, కొండ వాలులో తెల్లగా మెరుస్తూ కనిపించే పలుగురాయి కూడా ఈ జాతిదే. కాకపోతే పలుగురాయి మసకగా ఉంటుంది, స్ఫటికం నీళ్ళలా తేటగా ఉంటుంది.

అసలేంటీ రాయి?

సిలికాన్, ఆక్సిజన్ కలిస్తే క్వార్ట్జ్. ఏటి ఒడ్డున ఉండే ఇసుకలో ఎక్కువ భాగం ఇదే. భూమి లోపల వేడినీటిలో కరిగిన సిలికా, రాళ్ళ సందుల్లో నెమ్మదిగా పేరుకుంటూ ఆరు పలకల స్తంభంలా పెరుగుతుంది. మలినాలు లేకపోతే తేటగా వస్తుంది. కొంచెం ఇనుము చేరి, దానికి సహజమైన రేడియేషన్ తోడైతే ఊదారంగులోకి మారుతుంది. మనం అమెథిస్ట్ అంటున్నది దాన్నే.

గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దీనికి 7. మామూలు గాజుకి ఐదున్నర దగ్గర. అందుకే స్ఫటికంతో గాజు మీద గీస్తే గీత పడుతుంది.

‘పట్టుకుంటే చల్లగా ఉంది’

స్ఫటికమాల వేసుకున్నవాళ్ళు ముందుగా చెప్పే మాట ఇది. అబద్ధం కాదు, నిజంగానే చల్లగా తగులుతుంది. ఎందుకంటే, ఒకే గదిలో ఉన్న స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని చూడండి. రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే. కానీ స్టీలు మన చేతి వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి చల్లగా అనిపిస్తుంది. గాజుతో పోలిస్తే స్ఫటికం కూడా వేడిని చాలా త్వరగా లాగుతుంది. ఎండాకాలంలో మెడకి తగిలితే హాయిగా ఉండేది అందుకే. కాసేపటికి పూసలు ఒంటి వేడికి వచ్చేస్తాయి, చల్లదనమూ పోతుంది.

ఈ చల్లదనం పాతకాలం వాళ్ళనీ ఆలోచనలో పడేసింది. గ్రీకు భాషలో ‘క్రిస్టలోస్’ అంటే మంచు. క్రిస్టల్ అనే మాట అక్కడిదే. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, ఇది బాగా గట్టిపడిన మంచేనని నమ్మాడు. ఆయనే ఇంకో విషయం కూడా రాశాడు. ఆ రోజుల్లో వైద్యులు స్ఫటిక గోళాన్ని ఎండకి పట్టి, ఆ కిరణాలతో గాయాన్ని కాల్చేవారట. అంటే స్ఫటికాన్ని వైద్యంలో వాడారు, కానీ భూతద్దంలా! ఇప్పటికీ కిటికీ దగ్గర ఎండలో క్రిస్టల్ బాల్ పెట్టొద్దనేది అందుకే. కర్టెన్ అంటుకోవచ్చు.

మన భాషలోనూ ఈ రాయి మాట రూపంలో దాక్కుని ఉంది. స్ఫటికం నుంచే ‘పటిక’ వచ్చింది. స్ఫటికంలా మెరుస్తుంది కాబట్టే పటికబెల్లం. అయితే పటిక వేరు, స్ఫటికం వేరు. పటిక నీళ్ళలో కరుగుతుంది, స్ఫటికం కరగదు. పేర్లు చూసి ఒకదాని గుణాలు రెండోదానికి అంటగట్టొద్దు.

భట్టిప్రోలు నుంచి రామేశ్వరం దాకా

ఈ రాయికీ మన నేలకీ బంధం ఇప్పటిది కాదు. 1892లో అలెగ్జాండర్ రీ అనే పురాతత్వ అధికారి ఇప్పటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించాడు. బ్రాహ్మీ లిపిలో శాసనాలున్న రాతి పేటికలు బయటపడ్డాయి. తెలుగు లిపి చరిత్ర చెప్పేవాళ్ళంతా ప్రస్తావించే శాసనాలు అవే. ఆ పేటికల లోపల ఏమున్నాయో తెలుసా? స్ఫటిక భరిణెలు. రెండు వేల ఏళ్ళకు పైబడిన కిందట, పవిత్రమైన ధాతువులు దాచడానికి మనవాళ్ళు ఎంచుకున్నది స్ఫటికాన్నే. ఏ మచ్చా లేని వస్తువులోనే అంత విలువైనది ఉండాలనుకున్నారు కాబోలు.

శైవంలో స్ఫటిక లింగానికి ప్రత్యేక స్థానం. రామేశ్వరంలో తెల్లవారుజామున స్ఫటిక లింగ దర్శనం కోసం భక్తులు బారులు తీరతారు. చిదంబరంలో స్ఫటిక లింగానికి రోజూ అభిషేకం జరుగుతుంది. శృంగేరి మఠంలో పూజలందుకుంటున్న చంద్రమౌళీశ్వర స్ఫటిక లింగాన్ని ఆదిశంకరులే ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది. సరస్వతీదేవి చేతిలో ఉండేదీ స్ఫటికమాలే అంటారు.

‘ఎనర్జీ’ మాట నిజమా?

క్రిస్టల్ అమ్మేవాళ్ళు సైన్స్ పేరుతో చెప్పే మాట ఒకటుంది. ‘క్వార్ట్జ్‌లో కరెంటు పుడుతుంది, వాచీల్లో వాడేది ఇదే, కాబట్టి మన ఒంట్లో ఎనర్జీని సరిచేస్తుంది’ అని. ఇందులో మొదటి సగం నిజం. 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి క్వార్ట్జ్‌ని నొక్కితే విద్యుత్ పుడుతుందని కనిపెట్టారు. దాన్నే పీజోఎలెక్ట్రిసిటీ అంటారు. వాచీలో జరిగేది దీనికి తిరగేసిన పని. బ్యాటరీ నుంచి కరెంటు అందితే లోపలి చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని లెక్కపెట్టి వాచీ సెకను ముల్లుని కదుపుతుంది. 1969 డిసెంబరులో సీకో ఆస్ట్రాన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ మార్కెట్లోకి వచ్చింది. మీ ఫోన్ టైమ్ తప్పకుండా నడవడానికీ లోపల క్వార్ట్జ్ ముక్కే సాయపడుతోంది.

రెండో సగమే తేడా. వాచీలో బ్యాటరీ ఉంది, సర్క్యూట్ ఉంది, ప్రత్యేకంగా కోసిన ముక్క ఉంది. మెడలోని పూసకి ఇవేవీ లేవు. అది శరీరంలో జబ్బుని గుర్తుపట్టి నయం చేస్తుందనడానికి ఆధారం లేదు.

మరి ‘నాకు తేడా తెలిసింది’ అనేవాళ్ళ మాట? లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం ఇదే పరీక్షించి 2001లో ఫలితాలు చెప్పింది. 80 మందిలో సగం మందికి అసలు స్ఫటికం, మిగతావాళ్ళకి నకిలీది ఇచ్చి ధ్యానం చేయమన్నారు. ఒళ్ళు జలదరించడం, వెచ్చగా అనిపించడం లాంటి అనుభూతులు రెండు గుంపుల్లోనూ ఒకేలా వచ్చాయి. ‘ఇలా అనిపించొచ్చు’ అని ముందే విన్నవాళ్ళకి ఎక్కువగా అనిపించింది. అంటే ఆ అనుభూతి అబద్ధం కాదు. కానీ అది వచ్చింది రాయిలోంచి కాదు, మనసులోంచి.

కొనాలనుకుంటే..

భక్తితోనో ఇష్టంతోనో మాల కొనుక్కోవడంలో తప్పేం లేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం చూసుకోండి.

పూసల లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది గాజు అయ్యే అవకాశం ఎక్కువ. పెద్ద స్ఫటిక గోళాన్ని తిప్పుతూ దాని గుండా కాగితం మీది గీతని చూస్తే, కొన్ని కోణాల్లో గీత రెండుగా కనిపిస్తుంది. గాజులో అలా కనిపించదు. ఫ్యాక్టరీలో పెంచిన క్వార్ట్జ్ కూడా ఉంటుంది. దాన్ని ఇంట్లో తేల్చలేం, ఖరీదైనదైతే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి.

రాళ్ళు వేసిన నీళ్ళు తాగమనే సలహా అస్సలు వినొద్దు. స్ఫటికం కరగకపోయినా, మలకైట్ లాంటి రాళ్ళలో రాగి ఉంటుంది. ఆ నీళ్ళు హాని చేస్తాయి.

ఇంకోటి. రాయిని కోసి, సానబట్టేటప్పుడు లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాని జబ్బు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఇదే కుటుంబానికి చెందిన అకీకు రాళ్ళని సానబట్టే కార్మికులు ఎంతోమంది దాని బారిన పడ్డారు. మనకి ‘హీలింగ్’ అని అమ్ముతున్న పూస, దాన్ని నునుపు చేసినవాళ్ళ ఊపిరి తీసి ఉండొచ్చు.

తాయెత్తులు, మహిమలతో జబ్బులు నయమవుతాయని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. ‘ఇది పెట్టుకుంటే షుగర్ మాత్ర మానేయొచ్చు’ అని ఎవరైనా అంటే, ఆ వీడియో అక్కడితో ఆపేయండి. మాల ఉంచుకోండి, మాత్ర మాత్రం మానకండి.

మందారం పక్కన స్ఫటికం

ఇంతకీ పెద్దలు ఈ రాయికి అంత విలువ ఎందుకిచ్చారు? సాంఖ్యంలో, అద్వైతంలో ఒక ఉదాహరణ మళ్ళీ మళ్ళీ వస్తుంది. స్ఫటికం పక్కన ఎర్ర మందారం పెడితే రాయి కూడా ఎర్రగా కనిపిస్తుంది. పువ్వు తీసేస్తే మళ్ళీ తేటగా ఉంటుంది. ఎరుపు రాయిది కాదు, పువ్వుది. అలాగే భయం, దిగులు, కోపం మనకి అంటినట్టు కనిపిస్తాయి కానీ అవే మనం కాదు అని చెప్పడానికి ఈ పోలిక వాడారు.

అర్ధరాత్రి పరీక్ష భయంతో నిద్ర పట్టనప్పుడు ఈ మాట గుర్తొస్తే చాలు. జపమాల తిప్పుతూ నూట ఎనిమిది సార్లు ఊపిరి మీద ధ్యాస పెడితే మనసు కుదుటపడొచ్చు. ఆ పని తులసి మాలతోనూ అవుతుంది, వట్టి వేళ్ళతోనూ అవుతుంది. దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్పండి, డాక్టరుని కలవండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మందారం పక్కన ఉన్నంతసేపూ స్ఫటికం ఎర్రగానే కనిపిస్తుంది. ఆ పువ్వుని ఒక్కోసారి మనమే తీసుకోగలం. ఒక్కోసారి పక్కవాళ్ళ చెయ్యి కావాలి. అడగడానికి మొహమాటపడొద్దు.