కృష్ణ నీటికి ఒక్క అంకె చాలదు

కృష్ణా జలాల పంపకం దశాబ్దాలుగా 2,060 టీఎంసీల చుట్టూ తిరుగుతోంది. 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు తీసుకుని, నూటికి 75 ఏళ్లు కచ్చితంగా దొరికే నీరెంతో బచావత్ ట్రిబ్యునల్ తేల్చిన లెక్క అది. ఆ తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల ప్రవాహాలు చూసి, 65 శాతం లభ్యత మీద 2,293 టీఎంసీలంది. అంకె మారింది గానీ పద్ధతి మారలేదు. గడిచిన ఏళ్లలాగే రాబోయే ఏళ్లూ ఉంటాయన్న నమ్మకమే రెండింటికీ పునాది. ఆ పునాది ఇప్పుడు గట్టిగా లేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు; అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురవడం, మధ్యలో వాన మొహం చాటేయడం పెరుగుతాయి. 2023లో శ్రీశైలం, నాగార్జున సాగర్ జలాశయాలు నిండలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండేళ్లను చూపి వాతావరణం మారిపోయిందని తీర్పు చెప్పడం తొందరపాటే. కానీ ఈ రెండేళ్ల సగటుతో కాలువ చివరి భూముల్లో ఒక్క మడి కూడా తడవదన్నది మాత్రం నిజం.

ఈ ఒక్క అంకె స్థానంలోకి రావలసింది కంప్యూటర్ నమూనా. ‘స్వాట్’ లాంటి నమూనాలు నదీ పరీవాహకాన్ని నేల, వాలు, పంటను బట్టి చిన్న చిన్న ముక్కలుగా విడదీస్తాయి. ప్రతి ముక్కకూ కిరాణా కొట్టు ఖాతాలా ఒక పద్దు ఉంటుంది: ఇవాళ పడిన వాన ఎంత, పారిపోయింది ఎంత, ఇంకింది ఎంత, పైరూ ఎండా కలిసి తాగేసింది ఎంత, వాగులోకి చేరింది ఎంత. ముందు పాత సంవత్సరాల వాన లెక్కలిచ్చి, నదిలో కొలిచిన ప్రవాహంతో సరిపోతోందా అని చూస్తారు. సరిపోయాకే రాబోయే దశాబ్దాల వాతావరణ అంచనాలను దానికి అందిస్తారు. కృష్ణ విషయంలో ఈ సరిచూడటమే పెద్ద తలనొప్పి. ఇక్కడ కొలిచేది నది సహజ ప్రవాహం కాదు, మనుషులు వాడుకోగా మిగిలింది. కోయనా నీరు కరెంటు కోసం పడమటి కనుమలు దిగి అరేబియా సముద్రం వైపు పోతుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, వేల చెరువులు, లెక్కకందని బోర్లు తలా కొంత తీసుకుంటాయి. జలాశయాలూ అలాగే లేవు: కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలం సామర్థ్యం పూడిక వల్ల సుమారు 215 టీఎంసీలకు పడిపోయింది. పాత అంకెతో నడిపిన నమూనా లేని నీటిని పంచిపెడుతుంది.

అసలు ప్రయోజనం పంట దగ్గర తెలుస్తుంది. పైనున్న డ్యాములు నిండాకే సాగర్‌కు వరద వస్తుంది కాబట్టి, చాలా ఏళ్లు నాట్లకు ఆగస్టు దాకా ఆగాల్సిందే. అప్పుడు సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 వేస్తే 145 నుంచి 150 రోజుల పంట. తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 అయితే దాదాపు 125 రోజులు. రెండూ సన్నాలే. తేడా సుమారు మూడు వారాలు, అదీ జలాశయం అడుగంటే రోజుల్లో ఇవ్వాల్సిన తడులు. ఇక ఒక టీఎంసీతో వరి ఆరు వేల ఎకరాలు పండితే, ఆరుతడి పైర్లు పది వేల ఎకరాలు పండుతాయన్నది ఇంజినీర్ల మోటు లెక్క. కాబట్టి ‘ఈ ఏడు ఎంత నీరొస్తుంది’ అన్న ప్రశ్న నమూనాకు వేయడం దండగ. ఆగస్టు మధ్యకు సాగర్‌లో, పై డ్యాముల్లో ఇంత నిల్వ ఉంటే, ఈ రకం వరి పదేళ్లలో ఎన్నేళ్లు గట్టెక్కుతుంది? ఈ ప్రశ్న అడగాలి. దానికి వచ్చే జవాబును బట్టి వరి ఎంత, ఏ రకం, ఎక్కడి నుంచి ఆరుతడి అన్నది నారు పోయకముందే చెప్పొచ్చు.

నమూనాలే ఒకదానితో ఒకటి ఏకీభవించవు కదా అని అడగొచ్చు. రుతుపవన వానల విషయంలో అది నిజమే. కానీ వేడి పెరుగుతుందనడంలో అవన్నీ ఒక్క మాట మీదున్నాయి. వేడి పెరిగితే జలాశయంలో ఆవిరి, పొలంలో పైరు దాహం రెండూ పెరుగుతాయి. వాన విషయంలో వాటి విభేదమూ సమాచారమే: ఆ వ్యత్యాసం మొత్తాన్నీ తట్టుకునే ప్రణాళిక వేయమని అది చెబుతోంది. అంతకన్నా బలమైన అభ్యంతరం రైతుది. మద్దతు ధరకు కచ్చితంగా కొనేది ప్రధానంగా వడ్లనే అయినప్పుడు, కంప్యూటర్ కంది వేయమంటే ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు, వేయకపోవడం తప్పూ కాదు. ఆరుతడి పంటకు కొనుగోలు భరోసా లేని పంటల ప్రణాళిక కాగితానికే పరిమితం. పై రాష్ట్రాలు నమూనాను తమ వాదనకు అనుకూలంగా తిప్పుకుంటాయన్న భయమూ ఉంది. ఎవరికి వారు గుట్టుగా నడుపుకుంటే తప్పకుండా తిప్పుకుంటారు. నాలుగు రాష్ట్రాల నిల్వలు, విడుదలల లెక్కలు ఏ రోజుకారోజు అందరికీ కనిపిస్తే, తప్పుడు లెక్కను పట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే.

నీటిపారుదల, వ్యవసాయ శాఖలు రెండూ కలిసి ఒక పని చేయాలి. జూన్ నెలాఖరుకల్లా ఒకసారి, ఆగస్టులో మరోసారి, ఏ మేజరు కాలువ కింద ఎన్ని తడులకు ఎంత భరోసా ఉందో తూము దగ్గరే బోర్డు మీద రాసి పెట్టాలి. ఆ మాట తప్పితే పరిహారం ఎవరిస్తారో కూడా అదే బోర్డు మీద ఉండాలి.