పాత నాణెం, కొత్త ఆశ

ఇంగ్లండును ఏలిన ఆన్ రాణి 1714 ఆగస్టులో కన్నుమూసింది. ఆ సంవత్సరం ఆమె తలబొమ్మతో ముద్రించిన ఫార్దింగు అనే చిన్న రాగినాణెం ఒకటుంది. ఫార్దింగు అంటే పెన్నీలో నాలుగో వంతు. మన దమ్మిడీ వంటి చిల్లర సరుకన్నమాట. రాణిగారు పోయాక దీని చుట్టూ ఒక కథ అల్లుకుంది. అటువంటివి ముచ్చటగా మూడే ముద్రించారట, రెండు దొరికాయట, మూడోది ఎవరి ఇంట ఉంటే వారి పంట పండినట్టేనట!

ఈ 'అట'లు పందొమ్మిదవ శతాబ్దమంతా ఇంగ్లండులో షికారు చేశాయి. పెట్టె అడుగున ఆ ఫార్దింగు కనిపించిన పేదవారు, గంపెడాశతో లండనులోని బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లి, ఉసూరుమంటూ తిరిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి. నిజానికి అవి మూడు కావు. వందల సంఖ్యలో నేటికీ మిగిలి ఉన్నాయి. మంచి ధరే పలుకుతాయి గాని, వాటితో మేడలు లేవవు.

మనలోనూ ఈ ఆశ లేకపోలేదు. "మీ పాత నాణేనికి లక్షలు" అన్న ప్రకటన చూసి, ముందుగా రుసుము చెల్లించి మోసపోయేవారున్నారు. తమ పేరు వాడుకుని, పాత నోట్లూ నాణేలూ కొంటామంటూ రుసుములూ పన్నులూ అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. అసలు పాత నాణేనికి వెల ఎలా ఏర్పడుతుందో తెలిస్తే ఈ వలలో పడనక్కరలేదు. అది నేర్చుకోవడానికి పదునెనిమిదవ శతాబ్దపు బ్రిటిష్ నాణేలు చక్కని పాఠ్యపుస్తకం.

వయస్సు కాదు, కరువు

పాతదైనకొద్దీ ప్రియమవుతుందనుకోవడం మొదటి పొరపాటు. పదిహేను వందల ఏళ్లు దాటిన రోమను రాగినాణేలు కొన్ని, నిన్నమొన్నటి గినీకంటె ఎంతో చవుకగా దొరుకుతాయి.

ఆ శతాబ్దంలో ఇంగ్లండులో వెండినాణేలకు కటకట. అప్పటి టంకశాల అధిపతి మరెవరో కాదు, యాపిల్‌పండు కథలోని సర్ ఐజాక్ న్యూటనే. ఆయన నివేదిక మీద 1717లో బంగారు గినీకి 21 షిల్లింగులని నిర్ణయించారు. ఆ లెక్కన స్వదేశంలో వెండికి పలికే వెలకంటె, ఇండియా, చైనాల వంటి తూర్పుదేశాలలో వెల ఎక్కువ. ఇంకేముంది, వర్తకులు వెండిని ఓడలకెక్కించారు. టంకశాలకు వెండి రావడమే గగనమైపోయింది.

మూడవ జార్జి 1760లో గద్దెనెక్కాడు. ఆయన తలతో షిల్లింగు రావడానికి 1763 దాకా పట్టింది. ఐర్లండుకు రాజప్రతినిధిగా వెళ్లిన నార్తంబర్లండు ప్రభువు డబ్లినులో పంచిపెట్టడానికి 100 పౌనుల విలువైన షిల్లింగులు ముద్రించారని చెబుతారు. తరువాత పెద్ద ఎత్తున షిల్లింగులు వేసింది 1787లోనే. ఈ రెంటికీ వయస్సులో తేడా 24 ఏళ్లు. వెండి అదే, రాజూ అతడే. అయినా మొదటిది రెండవదానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. తేడా అంతా ఎన్ని మిగిలాయన్నదానిలోనే ఉంది.

తల కింది అక్షరాలు

భూతద్దం పెట్టి చూస్తే కొన్ని నాణేల మీద చిన్న అక్షరాలు కనిపిస్తాయి. లోహం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే గుర్తులవి. 1702లో స్పెయిను దేశపు వీగో రేవులో ఇంగ్లీషు, డచ్చి నౌకాదళాలు స్పెయినువారి ధనపు ఓడలమీద పడ్డాయి. ఆ దోపిడీ సొమ్ముతో వేసిన నాణేల మీద ఆన్ రాణి తల కింద 'వీగో' అని ఉంటుంది. చిక్కిన బంగారం స్వల్పం కాబట్టి, 1703 నాటి వీగో అయిదు గినీల నాణెం సంపన్నులైన సేకర్తలకు సైతం అందని పండు.

1729 నుంచి కొన్నేళ్లపాటు రెండవ జార్జి గినీల మీద 'ఇ.ఐ.సి.' అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఆ బంగారం ఇచ్చింది మనకు బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీయే.

అక్షరాలు కనబడగానే సంబరపడకూడదు. 1723 నాటి 'ఎస్.ఎస్.సి.' షిల్లింగులు సౌత్ సీ కంపెనీ వెండితో వేసినవి. వాటికి కథ పెద్దది గాని, నాణేలు కొల్లలు.

చింతపండు తెచ్చే చేటు

అరుదు తరువాత చూసేది అరుగుదల. ఇంగ్లీషువారి లెక్కలో 'ఫైన్' అంటే బాగున్నదని కాదు, బాగా చేతులు మారినదని. దానికి పైమెట్లు 'వెరీ ఫైన్', 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. ఆపైన చేతులే మారనిది.

1797లో బర్మింగ్‌హాం నగరంలో మాథ్యూ బౌల్టన్ తన సోహో టంకశాలలో ఆవిరియంత్రాలతో పెద్ద రాగి పెన్నీలు వేశాడు. ఒక్కొక్కటి ఒక ఔన్సు, అంటే రెండున్నర తులాలకు కాస్త తక్కువ. వీటికి 'బండిచక్రాలు' అని పేరు పడింది. అరిగినవి కొద్ది డబ్బుకే దొరుకుతాయి. టంకశాలలోంచి ఇప్పుడే వచ్చినట్టున్నదానికి ఎన్నో రెట్లు ఇవ్వాలి.

అందుకే ఇల్లాళ్లకు ఒక మనవి. ఇత్తడి చెంబుకు చేసిన ఉపకారం పాత నాణేనికి చేయకండి. చింతపండు, బూడిద, మెరుగుపొడి ఏవీ తగలరాదు. ఏళ్ల తరబడి పట్టిన రంగును తోమేస్తే నాణెం మెరుస్తుంది, వెల మాత్రం పడిపోతుంది. అంచులతో పట్టుకుని, పొడికాగితపు సంచిలో ఉంచితే చాలు. మెడలో వేసుకోవడానికి చిల్లి పొడిచినా, కొంకి అతికినా అంతే నష్టం.

మెరిసేదంతా

1787 నుంచి 1799 వరకు వచ్చిన గినీని 'స్పేడ్ గినీ' అంటారు. వెనుకనున్న డాలు పేకముక్కలలోని ఇస్పేటు ఆకారంలో ఉంటుంది. దీనిని పోలిన ఇత్తడి బిళ్లలను పేకాటలో లెక్కకోసం అసంఖ్యాకంగా చేశారు. వాటిని బంగారమనుకునేవారు నేటికీ ఉన్నారు. తూనిక వేస్తే గుట్టు బయటపడుతుంది: అసలు గినీ దాదాపు 8.35 గ్రాములు, 22 కారట్ల బంగారం. బిళ్ల తేలిక. 1768 వంటి పొంతనలేని సంవత్సరం ఉంటే ఇక తూచనే అక్కరలేదు.

చివరిమాట. కేటలాగులోని వెల దుకాణదారు అమ్మే వెల. అతడు మనకిచ్చేది అంతకు తక్కువే. నూరేళ్లు దాటిన నాణేలను సొంతంగా విదేశాలకు పంపడం మన దేశంలో 1972 నాటి చట్టానికి విరుద్ధం.

మీ తాతగారి పెట్టెలో గినీ దొరకకపోవచ్చు. కాని 1794 అనీ, 48 కలిస్తే ఒక రూపాయి అనీ ఇంగ్లీషులో ఉన్న రాగినాణెం కోస్తా జిల్లాలవారి ఇళ్లలో కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. బౌల్టన్ టంకశాలలోనే ఉత్తర సర్కారుల కోసం ముద్రించి పంపిన 'డబ్బు' అది. మనం సొమ్మునంతటినీ డబ్బు అంటున్నది ఆ రాగి డబ్బు పేరు మీదనే. దానికి లక్షలు రావు. అయినా అమ్మకండి, తోమకండి, పిల్లలకు చూపించండి.