తైవాన్ చదువుకు వెళ్లే పిల్లలకు మొదటి ఆరు నెలలు

మన ఇళ్లలోని పిల్లలు పై చదువులకు ఇప్పుడు తైవాన్ వైపు కూడా చూస్తున్నారు. సిన్‌చు నగరంలోని నేషనల్ ట్సింగ్ హువా విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఇంగ్లీషులో చదువుకునే వీలుంది. సీటు సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, దిగిన తరువాతి సంగతి చెప్పేవాళ్లు తక్కువ. తల్లిదండ్రులు సంఘానికి వచ్చి అడిగేది అదే కనుక, మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము.

ముందు కాగితాలు. మన దేశానికీ తైవాన్‌కూ లాంఛనమైన దౌత్య సంబంధాలు లేవు. అందువల్ల వీసా ఇచ్చేది తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్. ఢిల్లీలోనే కాక 2012 నుంచి చెన్నైలో, 2024 నుంచి ముంబైలో దాని కార్యాలయాలున్నాయి. అక్కడికి వెళ్లాక మన పాస్‌పోర్టు పనులు చూసేది తైపేలోని ఇండియా తైపే అసోసియేషన్. రెసిడెంట్ వీసా మీద వెళ్లినవారు 30 రోజుల్లోగా నివాస కార్డుకు దరఖాస్తు పెట్టాలి. దాన్ని అందరూ ఏఆర్‌సీ అంటారు. తరువాతి పనులన్నిటికీ ఆ కార్డే ఆధారం. ప్రతి కాగితానికీ పది జిరాక్సులు పెట్టుకోమంటే పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, ఫైళ్ల మధ్య బతికినవాళ్లం చెబుతున్నాము.

పెద్దలు గమనించవలసింది ఒకటుంది. విదేశీ విద్యార్థికి అక్కడి జాతీయ ఆరోగ్య బీమా ఆరు నెలల నివాసం తరువాతే వస్తుంది. ఆ ఆరు నెలల్లో ఒక్కసారే, అదీ 30 రోజులు దాటకుండా దేశం విడిచి రావచ్చు. దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, మేనత్త కూతురి పెళ్లికి ఇంకోసారి అని పిలిస్తే ఆరు నెలల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బీమా చేతికొచ్చేవరకు విద్యార్థుల కోసం ఉండే ప్రైవేటు బీమా తప్పనిసరిగా తీసుకోవాలి.

ఇక భాష. తరగతి ఇంగ్లీషులో జరిగినా క్యాంటీన్ బోర్డు, ఇంటి ఓనరు మాట, బజారు బేరం చైనీస్‌లోనే. 'రెండేళ్లకు చైనీస్ ఎందుకులే' అనుకున్నవారు గదికీ ల్యాబుకూ మధ్యే ఉండిపోతారు. ఒంటరితనం మొదలయ్యేది అక్కడే. మన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో. వీధి భాషను వ్యాకరణం చూసి నేర్చుకున్నవారు మనలో ఎవరు? కష్టమంతా స్వరాల దగ్గర. 'మై' అనే మాటను దించి ఎత్తితే కొనడం, ఒక్కసారిగా దించేస్తే అమ్మడం. మనకు గొంతు మారితే కోపమో ప్రశ్నో తెలుస్తుంది, వాళ్లకు మాటే మారిపోతుంది. ఇక్కడే కొంత నేర్చుకుని వెళ్లేవారు పుస్తకం ఏ లిపిదో చూసుకోవాలి. తైవాన్‌లో వాడేది పాత సంప్రదాయ లిపి, చైనాలో వాడేది సరళం చేసిన లిపి.

శాకాహారులు మొదట నేర్చుకోవలసిన వాక్యం 'వో ఛ్ సు', అంటే నేను శాకాహారం తింటాను. మామూలు హోటల్లో ఆకుకూర వేపుడులో కూడా పంది కొవ్వు ఉండవచ్చు. 'సు' అక్షరం ఉన్న బోర్డు వెతకాలి. కొన్నిటి మీద మన స్వస్తిక్ లాంటి బౌద్ధ చిహ్నం కూడా కనిపిస్తుంది. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, మన వ్రతాల నాటి వంటలాగే. ప్యాకెట్ల మీద గుడ్డు, పాలు, ఉల్లి-వెల్లుల్లి విషయం తెలిసేలా శాకాహారాన్ని ఐదు రకాలుగా ముద్రిస్తారు.

మిక్సీ, రైస్ కుక్కర్ ఇక్కడి నుంచి మోసుకెళ్లవద్దు. అక్కడ కరెంటు 110 వోల్టులు, మన వస్తువులు పని చేయవు. కుక్కర్ అక్కడే కొనుక్కోవచ్చు, అయితే గదిలో వంటకు హాస్టలు ఒప్పుకుంటుందో లేదో ముందు అడగాలి. కంది పొడి, కారప్పొడి సరే. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టెలో పెట్టకండి. మాంసం కలిసిన పదార్థాలు పట్టుబడితే జరిమానా పడుతుంది.

చదువుతూ పని చేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. సెలవుల్లో తప్ప వారానికి 20 గంటలు మించకూడదు.

వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదింటికి ఫోను చేస్తే అక్కడ పదకొండున్నర అవుతుంది. ఏడు గంటలకు చేయండి.