తూకానికి వెళ్ళబోయిన సైకిలు

సైకిలు ఎక్కని పిల్లలు మీలో అరుదు. కాని సైకిలును విప్పి, లోపల ఏముందో చూసినవారు ఇంకా అరుదు. 2023 వేసవిలో మా బడి పిల్లలకు ఆ అవకాశం వచ్చింది.

తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మా తాతయ్య సైకిలును పాత ఇనప సామాన్లవాడికి తూకానికి అమ్మేస్తామంటున్నారు. అది బాగుపడుతుందా?" అని అడిగింది.

తాతగారు 1972లో కొన్న హెర్క్యులిస్ సైకిలు అది. ముప్ఫై ఏళ్ళు దానిమీదనే ఊరూరా తిరిగి పాలు పోశారట. ఆయన పోయాక ఇరవై ఏళ్ళుగా పశువుల కొట్టంలో పడి ఉంది. టైర్లు బీటలు వారాయి. పెడళ్ళు కదలవు. చెయిను కర్రలా బిగుసుకుపోయింది. "ప్రయత్నిద్దాం, తీసుకురా" అన్నాను.

ఇంతకూ సైకిలు బిగుసుకుపోవటం ఎందుకు? ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజను కలిస్తే తుప్పు పుడుతుందని మీరు చదివే ఉంటారు. తుప్పుకు మరో గుణం ఉంది. అది తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య సందులో తుప్పు పుడితే, మేకు దిగగొట్టినట్లు రెండూ బిగుసుకుంటాయి. అప్పుడు బలం ఉపయోగిస్తే బోల్టు విరుగుతుంది. అందుకని ప్రతి నట్టు మీదా పలుచని నూనె చుక్కలు వేసి, ఒక రాత్రి వదిలేశాం. దీపం వత్తిలోకి నూనె ఎగబాకినట్లే, ఇక్కడా నూనె సన్నని సందులలోకి తనంతట తానే పాకింది. మరునాడు చాలా నట్లు పానాకు లొంగాయి.

ఎడమ పెడలు మాత్రం లొంగలేదు. పిల్లలు వంతులవారీగా తిప్పారు. ఎంత తిప్పితే అంత బిగిసింది! కారణం, దాని మర తిరగేసి ఉంటుంది. కుడి పెడలును గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడలును ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. తొక్కేటప్పుడు కాలి బరువు పెడలు ఇరుసును దాని రంధ్రంలో చుట్టూ ఒత్తుతూ పోతుంది. దానివల్ల ఇరుసు ఇసుమంత చొప్పున జరుగుతూ ఉంటుంది. ఎడమ పక్క కూడా మామూలు మరే ఉంటే, తొక్కగా తొక్కగా పెడలు దానంతట అదే ఊడిపోతుంది.

వెనుక చక్రం ఇరుసు విప్పితే, పక్కకు 9 చొప్పున పావు అంగుళం ఉక్కు గుండ్లు బయటపడ్డాయి. ఒక వస్తువు మరొక దానిమీద జారటం కంటే దొర్లటం తేలిక. ఆ తేలికను ఇచ్చేవి ఈ గుండ్లే. అయితే వీటిమీద తుప్పు గుంటలు పడ్డాయి. గుంట పడిన గుండు ఇరుసును కూడా పాడుచేస్తుంది కనుక అన్నిటినీ మార్చి, కొత్త గ్రీజు పెట్టాం. హ్యాండిలు మీది క్రోమియం పూతను గరుకు కాగితంతో రుద్దబోతే ఆపాను. అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి, నీటితో తడిపి రుద్దించాను. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తన. అది తుప్పును వదిలిస్తుంది గాని పూతను గీరదు.

ఇక రంగు సంగతి వచ్చింది. మొత్తం గీకి, నిగనిగలాడే నల్లరంగు వేద్దామన్నారు మగపిల్లలు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. పాలక్యాన్లు ఒరుసుకొని, వెనుక కమ్మీలకు రెండు పక్కలా రంగు పోయి నున్నబడిన చారలున్నాయి. "అవి పోతే ఇది మా తాతయ్య సైకిలు కాదు మాస్టారూ" అంది.

నేను కాసేపు ఆలోచించాను. రంగు చేసే పని ఏమిటి? గాలినీ నీటినీ ఇనుమును తాకనివ్వకపోవటం. పలుచని నూనె పొర కూడా ఆ పని చేస్తుంది. కాకపోతే రంగులా ఏళ్ళ తరబడి నిలవదు, తరచు పూయాలి. "నెలనెలా నూనె రాస్తావా?" అని అడిగాను. రాస్తానంది. చారలను అలాగే ఉంచి, వాటిమీది తుప్పు మాత్రం తుడిచి, నూనె రాశాం.

బ్రేకుల దగ్గర మాత్రం నేను ఆమె మాట వినలేదు. బ్రేకు కట్టెల రబ్బరు కూడా తాతగారి నాటిదే. ఇనుమును తిన్న ఆక్సిజనే ఇన్నేళ్ళలో రబ్బరునూ గట్టిపరిచింది. గట్టిపడిన రబ్బరు రిమ్మును సరిగా పట్టదు. పాత రంగును ఉంచుకుంటే నష్టం లేదు, పాత బ్రేకును ఉంచుకుంటే ప్రాణానికే ముప్పు. బ్రేకు రబ్బర్లు, టైర్లు, ట్యూబులు, చెయిను, పెడలు కొయ్యలను బిగించే కాటరు పిన్నులు కొత్తవి వేశాం. ఊళ్ళోని సైకిలు షాపు మేస్త్రీ చక్రాల వంకర తీసి, ఫోర్కులో పగుళ్ళు లేవని చూసిన తరువాతనే ఆమెను ఎక్కనిచ్చాను.

చివరిగా ఒక లెక్క చేశాం. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనుక దానికి 18. పెడలు ఒకసారి తిరిగితే వెనుక చక్రం 48/18, అంటే సుమారు 2.67 సార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.24 మీటర్లు. కాబట్టి పెడలు ఒక చుట్టుకు సైకిలు సుమారు 6 మీటర్లు పోతుంది. ఆమె ఇంటి నుంచి బడికి 3 కిలోమీటర్లు. అంటే 500 చుట్లు.

జూన్‌లో బడి తెరిచిన రోజున ఆమె ఆ సైకిలు మీదనే వచ్చింది. "లెక్క తప్పింది మాస్టారూ, 430 చుట్లే పట్టాయి" అంది. దారిలో ఒక పల్లం ఉంది. అక్కడ తొక్కకుండానే సైకిలు సాగిపోయిందన్నమాట!

మీ సైకిలు పళ్ళు కూడా లెక్కపెట్టండి. మీ బడికి ఎన్ని చుట్లో ముందు కాగితం మీద వేసుకొని, తరువాత తొక్కి చూడండి. తేడా వస్తే కారణం ఆలోచించండి.